పట్టడం ఒక ఎత్తు, పట్టి ఉంచడం మరో ఎత్తు: రేడియోధార్మిక జలాల శుద్ధిలో నానోపదార్థాలు

తాగునీటిలో రేడియోధార్మిక మూలకం సీజియం-137కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మార్గదర్శక స్థాయి లీటరుకు 10 బెకెరెళ్లు. ఒక బెకెరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. ఈ 10 బెకెరెళ్ల వెనక ఎంత సీజియం ఉందో లెక్క కడితే దాదాపు 1,400 కోట్ల పరమాణువులు తేలతాయి. వినడానికి పెద్ద సంఖ్యే కానీ, వాటన్నిటి బరువూ కలిపినా సుమారు 3 పికోగ్రాములే. అంటే గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అదే లీటరు సముద్రపు నీరైతే అందులో సుమారు 10.8 గ్రాముల సోడియం ఉంటుంది, కనుక ఒక్కో సీజియం-137 పరమాణువు చుట్టూ దాదాపు 20 లక్షల కోట్ల సోడియం పరమాణువులు తిరుగుతుంటాయి. పైగా రెండూ ఒకే కుటుంబానికి చెందిన మూలకాలు, నీటిలో రెండింటిదీ ఒకే ధనావేశం. నీటి నుంచి రేడియోధార్మిక కాలుష్యాన్ని తొలగించడమంటే ఈ గుంపులో ఆ ఒక్కదాన్ని గుర్తుపట్టి, తక్కినవాటిని వదిలిపెట్టి, దాన్ని మాత్రమే బయటికి తీయడం.

ఉపరితలాన్ని మార్చిన నానోపదార్థాలపై (నానోమీటర్లలో, అంటే మీటరులో వంద కోట్లో వంతుల్లో కొలిచేంత సన్నని పదార్థాలపై) గత రెండు దశాబ్దాల్లో ఇంత పరిశోధన జరగడానికి కారణం ఈ ఎంపిక సమస్యే. ఆ పరిశోధన ఫలితాలను చదివేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఒక గ్రాము పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు పీల్చుకుంది అన్న అంకె ఎక్కువగా కళ్లబడుతుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఎన్నాళ్లు ఉంటుంది, ఆ పదార్థాన్ని చివరికి ఏం చేస్తారు అన్న ప్రశ్నలు వ్యాసాల చివరి పేరాల్లో మిగిలిపోతాయి. రేడియోధార్మికత విషయంలో అసలు విషయం ఆ చివరి పేరాల్లోనే ఉంది.

కాల్చినా పోదు, కరిగించినా పోదు

నీటిలోని పురుగుమందుల అవశేషాలనో, అద్దకపు రంగులనో తొలగించేటప్పుడు వాటి అణువులను ముక్కలు చేసి హానిలేని పదార్థాలుగా మార్చే దారి ఉంది. టైటానియం డయాక్సైడ్ రేణువులపై కాంతి పడేటట్టు చేసి సేంద్రియ కాలుష్యాన్ని విచ్ఛిన్నం చేయడం ఆ కోవలోనిదే. రేడియోధార్మిక పరమాణువు దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. దాని అస్థిరత కేంద్రకంలో ఉంటుంది, రసాయన చర్య ఏదైనా కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లకే పరిమితం. ఆమ్లం పోసినా, కొలిమిలో పెట్టినా సీజియం-137 సీజియం-137గానే ఉంటుంది. దాన్ని తగ్గించగలిగింది కాలం ఒక్కటే: సీజియం-137 సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్లు, స్ట్రాన్షియం-90కి సుమారు 29 ఏళ్లు, అయోడిన్-131కి 8 రోజులు, టెక్నీషియం-99కి రెండు లక్షల ఏళ్లకు పైగా, అయోడిన్-129కి కోటిన్నర ఏళ్లకు పైగా పడుతుంది.

అందువల్ల ఇక్కడ శుద్ధి అనే మాటకు అర్థం వేరు. కాలుష్యాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి, ఎక్కువ పరిమాణం నుంచి తక్కువ పరిమాణంలోకి తరలించడమే శుద్ధి. వేల ఘనపు మీటర్ల నీటిలో పలచగా పరుచుకున్నది కొన్ని కిలోల ఘనపదార్థంలోకి చేరుతుంది. నీరు తేటపడుతుంది, ఘనపదార్థం ప్రమాదకరమవుతుంది. ఈ మార్పిడి ఎంత మేలైనదో చెప్పాలంటే రెండు వైపులా చూడాలి.

పరిమాణం ఇచ్చే బలం, పూత ఇచ్చే చూపు

ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని తీసుకుంటే దాని ఆరు ముఖాల వైశాల్యం మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని 10 నానోమీటర్ల భుజం ఉన్న చిన్న ఘనాలుగా కోస్తే పదార్థం పెరగదు, తరగదు, కానీ ఉపరితలం 600 చదరపు మీటర్లకు చేరుతుంది. నీటిలోని అయాన్లు అతుక్కునేది ఉపరితలానికే కాబట్టి ఈ పెరుగుదల నేరుగా పనికొస్తుంది. ఒకే పరమాణువు మందంతో ఉండే గ్రాఫీన్ పొర విషయంలో సిద్ధాంతరీత్యా గ్రాముకు సుమారు 2,630 చదరపు మీటర్ల ఉపరితలం లభిస్తుంది. అయాను లోపలి దాకా నడవాల్సిన దూరం తక్కువ కాబట్టి పని కూడా గంటల్లో కాక నిమిషాల్లో పూర్తవుతుంది.

అయితే ఉపరితలం ఎక్కువైనంత మాత్రాన ఎంపిక రాదు. శుభ్రమైన ఐరన్ ఆక్సైడ్ రేణువుకు సోడియం, కాల్షియం, సీజియం అన్నీ ఒకటే. ఆ ఉపరితలానికి కొత్త చూపు ఇవ్వడానికే మార్పులు చేస్తారు. యురేనియాన్ని ఇష్టంగా పట్టుకునే అమిడాక్సైమ్ అనే పరమాణు సమూహాలను అతికిస్తారు, ఫాస్ఫోనేట్ గొలుసులు కలుపుతారు, కార్బాక్సిల్ సమూహాలను పెంచుతారు, లేదా ఎంపిక గుణం ముందే ఉన్న స్ఫటికాన్ని రేణువు మీద పూతగా పెంచుతారు. ఈ మార్పులో నీటి ఆమ్లత్వానిది పెద్ద పాత్ర. పీహెచ్ తక్కువగా, అంటే ఆమ్లత్వం ఎక్కువగా ఉన్నప్పుడు ఆక్సైడ్ ఉపరితలం హైడ్రోజన్ అయాన్లతో నిండి ధనావేశంతో ఉంటుంది, అప్పుడు ధనావేశం ఉన్న లోహ అయాన్లను తనే తరిమేస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ ఆవేశం మారి వాటిని ఆకర్షిస్తుంది. అందుకే పీహెచ్ 6 దగ్గర అద్భుతంగా పనిచేసినట్టు ప్రకటించిన పదార్థం గాఢమైన నైట్రిక్ ఆమ్లం కలిసిన వ్యర్థజలంలో ఏమీ పట్టుకోలేకపోవచ్చు.

నీలిరంగు పొడి చేసే పని

ఈ రంగంలో దగ్గరగా చూడదగిన పదార్థం ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దపు మొదటి దశకంలో బెర్లిన్‌లో చిత్రకారుల రంగుగా తయారైన ఈ నీలిపొడి ఇనుము, సయనైడ్ కలిసిన స్ఫటికం. ఇనుప పరమాణువులు మూలల్లో, వాటిని కలుపుతూ కార్బన్-నైట్రోజన్ జంటలు అంచుల్లో ఉండి వరుసగా పేర్చిన పంజరాల్లాంటి నిర్మాణం ఏర్పడుతుంది. పంజరంలోకి వెళ్లే దారి వెడల్పు సుమారు 0.32 నానోమీటర్లు. నీటిలో ప్రతి అయానూ తన చుట్టూ నీటి అణువుల తొడుగు వేసుకుని తిరుగుతుంది. సోడియం పరమాణువుగా చిన్నదే అయినా ఆ తొడుగును గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి తొడుగుతో కలిపి చూస్తే పెద్దదవుతుంది. సీజియం పరమాణువుగా పెద్దది, కానీ నీటి తొడుగుపై దానికి పట్టు తక్కువ. తొడుగును సులువుగా విడిచి పంజరంలోకి దూరి, అక్కడున్న పొటాషియాన్నో హైడ్రోజన్ అయాన్నో బయటికి నెట్టి ఆ స్థానంలో కూర్చుంటుంది. సోడియం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పొటాషియం మాత్రం కొంత పోటీ ఇస్తుంది, ఎందుకంటే దాని కొలతలు సీజియానికి దగ్గరివి.

ఈ గుణం మనుషుల ప్రాణాలను కాపాడిన సందర్భం ఉంది. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో, ఖాళీగా వదిలేసిన వైద్యశాల నుంచి బయటికి వచ్చిన చికిత్సా పరికరంలోని సీజియం క్లోరైడ్ పొడి ఇళ్లలోకి పాకింది. నలుగురు మరణించారు, 249 మందిపై కాలుష్యం కనిపించింది, లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది. శరీరంలోకి సీజియం చేరినవారిలో 46 మందికి ప్రష్యన్ బ్లూ మందుగా ఇచ్చారు. పేగుల్లోకి వచ్చిన సీజియాన్ని అది పట్టుకుని, మళ్లీ రక్తంలోకి వెళ్లనీయకుండా బయటికి మోసుకుపోయింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీన్ని 2003లో మందుగా ఆమోదించింది.

మనిషి పేగుల్లో ఇంత చక్కగా పనిచేసిన పొడి నీటి ట్యాంకులో తంటా తెచ్చిపెడుతుంది. ప్రష్యన్ బ్లూ రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే నీటిలో కలిపితే రోజులు గడిచినా అడుగుకు దిగవు, వడపోత పొరల్లోంచి జారిపోతాయి. సీజియం రేణువులోకి చేరింది, రేణువు నీటిలోనే ఉండిపోయింది; మొత్తం లెక్కలో ఏమీ మారలేదు. ఇక్కడే మార్పు చేసిన నానోపదార్థం అవసరం కనబడుతుంది. మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌ను 10, 20 నానోమీటర్ల పరిమాణంలో తయారుచేసి, దాని మీద ప్రష్యన్ బ్లూ పొరను పెంచుతారు. ఈ పరిమాణంలో మాగ్నటైట్‌కు విశేష గుణం ఒకటుంది. బయటి అయస్కాంతం ఉన్నంతసేపూ బలంగా స్పందిస్తుంది, తీసేయగానే అయస్కాంతత్వాన్ని కోల్పోతుంది, కాబట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టవు. గాజు గ్లాసులో సిరాలాంటి ముదురు నీలం ద్రవాన్ని ఉంచి పక్కన బలమైన అయస్కాంతాన్ని ఆనిస్తే, కొద్ది నిమిషాల్లో రంగంతా అయస్కాంతం ఉన్న గోడ వైపు జరిగి దట్టమైన మచ్చగా మారుతుంది, మిగిలిన నీరు తేటగా కనబడుతుంది. నీటిని వంపేస్తే మచ్చ గోడకే ఉండిపోతుంది. ప్రయోగశాలలో ఈ దృశ్యం ఎంతో తృప్తినిస్తుంది. ఆమ్ల జలాల్లో మాత్రం మాగ్నటైట్ మెల్లగా కరుగుతుంది కాబట్టి మధ్యలో సిలికా పొర ఒకటి వేయాల్సి వస్తుంది. పొరలు పెరిగేకొద్దీ గ్రాములో ప్రష్యన్ బ్లూ వాటా తగ్గుతుంది. అయస్కాంతం అక్కర్లేకుండా సెల్యులోజ్ నానోపోగులకో, ఆల్జినేట్ పూసలకో, గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలకో దీన్ని అతికించే పద్ధతులు కూడా ఉన్నాయి.

ఒక్కో మూలకానికి ఒక్కో వల

సీజియానికి పనికొచ్చిన పంజరం స్ట్రాన్షియానికి పనికిరాదు. స్ట్రాన్షియం రెండు ధనావేశాలతో కాల్షియంలా ప్రవర్తిస్తుంది, శరీరంలో ఎముకల్లో చేరడం కూడా ఆ పోలిక వల్లనే. దాన్ని పట్టడానికి టైటానేట్లు మేలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన సోడియం టైటానేట్ నానోపోగుల్లో టైటానియం, ఆక్సిజన్ కలిసిన పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయి, పొరల మధ్య ఖాళీలో సోడియం అయాన్లు ఉంటాయి. స్ట్రాన్షియం, రేడియం అయాన్లు వచ్చి సోడియాన్ని తప్పించి ఆ స్థానాలు తీసుకుంటాయి. అవి ఒక మోతాదుకు చేరాక పొరలు వంకరపోయి దగ్గరికి ముడుచుకుంటాయి. లోపలికి వచ్చిన దారి అక్కడితో మూసుకుపోతుంది. పట్టుకునే చర్యే తాళం కూడా వేసేయడం ఈ పదార్థపు ప్రత్యేకత, పేజీల కొద్దీ అంకెల కన్నా విలువైన గుణం అది.

అదే బృందం టైటానేట్ పోగుల మీద సిల్వర్ ఆక్సైడ్ నానోస్ఫటికాలను నాటి అయోడిన్‌ను పట్టింది. అయోడైడ్ రుణావేశం ఉన్న అయాను, టైటానేట్ పొరలు కూడా రుణావేశంతోనే ఉంటాయి, కాబట్టి పోగు దాన్ని సొంతంగా పట్టుకోలేదు. వెండి తోడైతే కథ మారుతుంది. సిల్వర్ అయోడైడ్ నీటిలో కరిగే గుణం సిల్వర్ క్లోరైడ్ కన్నా చాలా తక్కువ, అందువల్ల ఉప్పునీటిలో క్లోరైడ్ ఎంత ఉన్నా వెండి అయోడైడ్ వైపే మొగ్గుతుంది. అయోడిన్ ఆక్సిజన్‌తో కలిసి అయోడేట్ రూపంలో ఉంటే ఈ మొగ్గు బాగా తగ్గిపోతుంది. శుద్ధికి ముందు అయోడిన్ ఏ రూపంలో ఉందో తేల్చుకోవడం అందుకే తప్పదు.

యురేనియం దారి మరీ వేరు. ఆక్సిజన్ ఉన్న నీటిలో అది యురేనైల్ అనే అయానుగా కరిగి ఉంటుంది. భూగర్భజలాల్లో కార్బొనేట్, కాల్షియం కూడా ఉంటే వాటితో కలిసి ఆవేశం లేని సంయోగంగానో రుణావేశం ఉన్న సంయోగంగానో మారిపోతుంది. ధనావేశం ఉన్న యురేనైల్ కోసం తయారుచేసిన ఉపరితలం ముందు నుంచే అది అంటకుండా వెళ్లిపోతుంది. స్వచ్ఛమైన నీటిలో యురేనియం ఉప్పు కలిపి చేసిన పరీక్షకూ నిజమైన బావి నీటికీ మధ్య ఎప్పుడూ తేడా రావడానికి ఇదే మూలం. కార్బొనేట్ ఉన్నా యురేనియాన్ని లాక్కోగల అమిడాక్సైమ్ సమూహాలకు అందుకే అంత ప్రాధాన్యం. సముద్రంలో వాటికి పోటీగా వనాడియం వస్తుంది. ఇనుప నానోరేణువులది ఇంకో ఉపాయం. అవి ఎలక్ట్రాన్లు ఇచ్చి, కరిగే ఆరు సంయోజకతల యురేనియాన్ని కరగని నాలుగు సంయోజకతల యురేనియంగా మార్చి తొక్కలా తమ మీదనే పేరుకునేలా చేస్తాయి. టెక్నీషియం-99 కూడా ఈ పద్ధతికి లొంగుతుంది. ఆక్సిజన్‌తో కలిసిన పెర్‌టెక్నిటేట్ రూపంలో అది దేనికీ అతుక్కోకుండా నీటితో పాటు ప్రయాణం చేస్తుంది, ఇనుము దగ్గర మాత్రం ఎలక్ట్రాన్లు తీసుకుని (క్షయకరణం చెంది) ఆక్సైడ్‌గా స్థిరపడుతుంది. అయితే ఈ మార్పు ఒకవైపు తలుపు కాదు. గాలి తగిలితే యురేనియం, టెక్నీషియం మళ్లీ ఆక్సీకరణ చెంది కరిగిపోతాయి.

2013లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం, మాస్కో రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలు యురేనియం, ప్లుటోనియం, అమెరీషియం వంటి వాటిని వేగంగా పట్టి గడ్డకట్టి నీటి నుంచి విడిపోతాయని చూపారు. 2011లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో మొదట తయారైన మెక్సీన్లు అనే పలచని పొరల పదార్థాలు, లోహ-సేంద్రియ చట్రాలు కూడా ఈ వరుసలో చేరాయి. ఇవి ఒక్కొక్కటీ వేర్వేరు వ్యాసాలు కోరే విషయాలు.

రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం దగ్గర మాత్రం ఏ వలా పనిచేయదు. అది నీటిలో కరిగిన పదార్థం కాదు, నీటి అణువులోనే హైడ్రోజన్ స్థానంలో కూర్చున్న పరమాణువు. అధిశోషణం (ఉపరితలానికి అతుక్కోవడం) దృష్టిలో ట్రిటియం ఉన్న నీరు నీరే. ఏదైనా నానోపదార్థం "అన్ని రేడియోధార్మిక కాలుష్యాలనూ" తొలగిస్తుందని రాసి ఉంటే ఆ వాక్యం దగ్గరే అనుమానించాలి.

గ్రాముకు మిల్లీగ్రాములు అనే అంకె

పరిశోధన పత్రాల్లో పదార్థాలను పోల్చే ప్రధాన కొలమానం గరిష్ఠ ధారణ సామర్థ్యం. దాన్ని కనుక్కోవడానికి లీటరుకు పదులు, వందల మిల్లీగ్రాముల రేడియోధార్మికం కాని సీజియం-133 కలిపిన నీటిలో పదార్థాన్ని వేసి, ఇక పట్టలేని స్థితి దాకా చూస్తారు. రసాయన ప్రవర్తనలో ఈ రెండు ఐసోటోపులూ (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులు) ఒకటే కాబట్టి పద్ధతిలో తప్పులేదు. తప్పు దాని నుంచి తీసే అర్థంలో ఉంది.

ఒక పదార్థం గ్రాముకు 100 మిల్లీగ్రాముల సీజియం పట్టగలదనుకుందాం. లీటరుకు 10 బెకెరెళ్ల నీటి నుంచి అంత సీజియం-137 సేకరించాలంటే 3,000 కోట్ల లీటర్లకు పైగా నీరు కావాలి. సరే, బాగా చిక్కటి వ్యర్థజలం నుంచే సేకరించారనుకుందాం. అప్పుడా ఒక్క గ్రాములో చేరే రేడియోధార్మికత సుమారు 32,000 కోట్ల బెకెరెళ్లు. ఏ అడ్డూ లేకుండా మీటరు దూరంలో నిలబడినవారికి గంటకు 20 మిల్లీసీవర్టులకు (శరీరానికి తగిలే వికిరణాన్ని కొలిచే ప్రమాణం) పైగా మోతాదు తగులుతుంది. సాధారణ ప్రజలకు ఏడాది మొత్తానికి అనుమతించే 1 మిల్లీసీవర్టు మూడు నిమిషాల్లోపే నిండిపోతుంది. కాబట్టి కేవలం రేడియోధార్మిక సీజియంతో ఆ సామర్థ్యాన్ని నింపే అవసరం, అవకాశం సాధారణంగా రావు. నీటిని పారించే గొట్టంలో నింపిన పదార్థాన్ని మార్చాల్సిన సమయాన్ని చాలాచోట్ల నిర్ణయించేవి వికిరణ మోతాదు, వేడి, పోటీ అయాన్లు.

సముద్రపు నీటిలో సహజంగానే లీటరుకు సుమారు 0.3 మైక్రోగ్రాముల మామూలు సీజియం ఉంటుంది. 10 బెకెరెళ్ల సీజియం-137తో పోలిస్తే అది లక్ష రెట్లు. ఈ రెండింటి మధ్య ఏ పంజరమూ తేడా గుర్తించలేదు, కాబట్టి పదార్థంలో నిండేది ఎక్కువగా హాని చేయని సీజియమే. స్ట్రాన్షియం విషయంలో పరిస్థితి ఇంకా కష్టం. సముద్రంలో సహజ స్ట్రాన్షియమే లీటరుకు 8 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది, దానికి పైన 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం.

ఎక్కువ అర్థవంతమైన కొలమానం పంపిణీ గుణకం. సమతాస్థితిలో ఘనపదార్థంలో ఉన్న గాఢతను నీటిలో మిగిలిన గాఢతతో భాగిస్తే వచ్చేది ఇది. గ్రాముకు లక్ష మిల్లీలీటర్ల విలువ ఉంటే, లీటరు నీటికి ఒక గ్రాము వేసినప్పుడు దాదాపు 99 శాతం తొలగుతుంది. ఈ గుణకాన్ని కూడా శుద్ధజలంలో కాక, సోడియం, పొటాషియం, కాల్షియం నిండుగా ఉన్న నీటిలో, అతి తక్కువ సీజియంతో కొలవాలి. అలా కొలిచిన ఒక్క అంకె పది ధారణ సామర్థ్యాల కన్నా ఎక్కువ చెబుతుంది. యురేనియం దీనికి మినహాయింపు. తాగునీటిలో దానికి సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే బరువులో పైన చెప్పిన సీజియం కన్నా కోటి రెట్లు. అక్కడ ఆందోళన వికిరణం కన్నా మూత్రపిండాలపై దాని రసాయన ప్రభావం గురించే ఎక్కువ. యురేనియం ఉన్న భూగర్భజలం శుద్ధిచేసేవారికి గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములన్న ప్రశ్న నిజంగా ఖర్చు లెక్క.

పెద్ద ట్యాంకుల అనుభవం

2011 మార్చి 11 భూకంపం, సునామీల తర్వాత జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రంలో కరిగిన ఇంధనాన్ని చల్లార్చిన నీరు, భవనాల్లోకి ఊరిన భూగర్భజలం, సముద్రపు ఉప్పు కలిసి శుద్ధి రంగానికి ఎన్నడూ లేని పరీక్ష పెట్టాయి. మొదట జియోలైట్ అనే సన్నని రంధ్రాలున్న ఖనిజపు గుళికలు నింపిన గొట్టాలతో సీజియాన్ని తగ్గించారు. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ అణుకేంద్ర ప్రమాదం తర్వాత వాడినవి కూడా జియోలైట్లే. తర్వాత స్ఫటిక సిలికోటైటానేట్ వచ్చింది. 2013 నుంచి నడిచిన ఆల్ప్స్ అనే వ్యవస్థ అవక్షేపణ, టైటానేట్లు, ఫెర్రోసయనైడ్, ఉత్తేజిత కర్బనం వంటివి వరుసగా వాడి 62 రకాల రేడియోధార్మిక కేంద్రకాలను తగ్గించేలా రూపొందింది. ట్రిటియం మిగిలింది. వెయ్యికి పైగా ట్యాంకుల్లో 13 లక్షల ఘనపు మీటర్లకు చేరిన ఆ నీటిని సముద్రజలంతో కలిపి ట్రిటియం లీటరుకు 1,500 బెకెరెళ్లకు లోబడి ఉండేలా పలచన చేసి 2023 ఆగస్టు 24 నుంచి సముద్రంలోకి వదులుతున్నారు.

ఈ వ్యవస్థల్లో భారమంతా మోసినవి వదులు నానోపొడులు కావు, కంటికి కనబడే గుళికలు. గొట్టంలో సన్నని పొడి నింపితే నీరు దూరడానికి విపరీతమైన పీడనం కావాలి, లేదంటే పొడి మూసుకుపోయి ప్రవాహం ఆగిపోతుంది. పొడిని బంకతో కలిపి గుళికగా చేస్తే ప్రవాహం బాగుంటుంది, కానీ నానో పరిమాణం ఇచ్చిన వేగంలో కొంత పోతుంది. ఈ రాజీని తెలివిగా కుదుర్చుకున్న పదార్థమే పరిశ్రమలో నిలుస్తుంది. నీటి మార్గాలు విశాలంగా, పట్టే స్థానాలు నానో స్థాయిలో ఉండేలా కట్టిన స్పాంజీలు, పోగుల చాపలు, పొరలు ఆశ కలిగిస్తున్నది అందుకే.

నీరు శుద్ధయ్యాక ఆల్ప్స్ దగ్గర మిగిలినవి బురద, వాడేసిన అధిశోషకాలు. వాటిని భారీ పాత్రల్లో భద్రపరచాల్సి వస్తోంది.

పట్టుకున్న తర్వాత

అమెరికాలోని హాన్‌ఫర్డ్ కేంద్రం ఈ విషయంలో మరచిపోకూడని పాఠం. ప్లుటోనియం తయారీ వ్యర్థాలతో అక్కడి 177 భూగర్భ ట్యాంకుల్లో దాదాపు 21 కోట్ల లీటర్ల ద్రవం, బురద చేరాయి. 1950ల్లో ట్యాంకుల్లో చోటు మిగుల్చుకోవడానికి ఫెర్రోసయనైడ్ కలిపి సీజియాన్ని అడుగుకు దించారు. ప్రష్యన్ బ్లూ కుటుంబానికి చెందిన రసాయనమే అది, పని కూడా చక్కగానే చేసింది. దశాబ్దాల తర్వాత, నైట్రేట్ల మధ్య ఆరిన ఫెర్రోసయనైడ్ వేడెక్కితే విస్ఫోటనం జరగొచ్చన్న భయం మొదలైంది. ఏళ్ల తరబడి నమూనాలు తీసి, వికిరణం వల్లా జలవిశ్లేషణ వల్లా ఆ రసాయనం చాలావరకు క్షీణించిపోయిందని తేలాక 1996లో ఆ ప్రమాద అంశాన్ని ముగించారు. సీజియాన్ని పట్టినప్పుడు ఎవరూ వేసుకోని ప్రశ్న నలభై ఏళ్ల తర్వాతివారి మీద పడింది.

పట్టుకున్న పదార్థం మీద వికిరణం ఎడతెగకుండా పనిచేస్తుంది. పదార్థంలో మిగిలిన తడి విడిపోయి చురుకైన రాడికల్స్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోజన్ వాయువు పుడతాయి. సేంద్రియ గొలుసులు తెగుతాయి; ఎంత ముచ్చటగా అతికించిన అమైనో, అమిడాక్సైమ్ సమూహమైనా దీనికి లోబడేదే. టైటానేట్లు, సిలికేట్లు వంటి అకర్బన చట్రాలు ఎక్కువ తట్టుకుంటాయి. మూసిన పాత్రలో హైడ్రోజన్ పేరుకోకుండా గాలి మార్గం ఉంచాలి.

నానోరేణువుకే ప్రత్యేకమైన ప్రమాదం మరొకటుంది. 1968లో నెవాడా పరీక్షా స్థలంలో భూగర్భంలో జరిపిన ఒక అణుపరీక్షకు చెందిన ప్లుటోనియం 1.3 కిలోమీటర్ల దూరంలోని భూగర్భజలంలో కనిపించిందని 1999లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ప్లుటోనియం నేలకు గట్టిగా అతుక్కుంటుంది, అంత దూరం కదలదన్నది అప్పటివరకు ఉన్న అంచనా. అది నీటిలో కరిగి ప్రయాణించలేదు, నీటిలో తేలియాడే అతిసన్నని కొల్లాయిడ్ రేణువుల వీపు మీద ప్రయాణించింది. శుద్ధి కోసం నీటిలో కలిపిన నానోరేణువుల్లో కొన్ని తిరిగి దొరకకపోతే అవి కూడా అలాంటి వాహనాలే అవుతాయి. నూటికి తొంభైతొమ్మిది పాళ్ల సీజియం రేణువుల్లోకి చేరిందని కొలిచిన చోటనే, ఆ రేణువుల్లో ఎన్ని తిరిగి చేతికొచ్చాయో కూడా కొలిచి చూపాలి.

చివరి మజిలీని ముందే నిర్ణయించుకుని పదార్థాన్ని ఎంచుకోవడం దీనికి మంచి దారి. టైటానేట్లకు ఈ విషయంలో సహజమైన అనుకూలత ఉంది. 1978లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో టెడ్ రింగ్‌వుడ్ ప్రతిపాదించిన సిన్‌రాక్ టైటానేట్ ఖనిజాలతో చేసిన కృత్రిమ శిలే, కాబట్టి స్ట్రాన్షియాన్ని పట్టిన టైటానేట్ పోగులను వేడిచేసి గట్టి సిరామిక్‌గా మార్చే ఆలోచనకు పునాది ఉంది. జియోలైట్లను కూడా వేడిచేసి సీజియాన్ని పొల్యూసైట్ వంటి ఖనిజంలో బంధించవచ్చు. ప్రష్యన్ బ్లూకు ఆ సౌకర్యం లేదు. వేడిచేస్తే దాని సయనైడ్ చట్రం విరిగిపోతుంది, ఉష్ణోగ్రత బాగా పెరిగితే సీజియం ఆవిరిగా లేస్తుంది. పోనీ సిమెంటులో కలిపి గడ్డకట్టిద్దామంటే, తడి సిమెంటు రంధ్రాల్లోని నీటి పీహెచ్ 12 దాటి ఉంటుంది, అంతటి క్షారంలో ప్రష్యన్ బ్లూ తన నీలిరంగును కోల్పోయి ఐరన్ హైడ్రాక్సైడ్‌గా విడిపోతూ పట్టుకున్న సీజియాన్ని వదిలేస్తుంది. సీజియం-137 వెయ్యోవంతుకు తగ్గడానికి పది అర్ధజీవిత కాలాలు, సుమారు 300 ఏళ్లు పడుతుంది. ఆ 300 ఏళ్లూ ఆ నీలిపొడి క్షారానికీ వేడికీ దూరంగా ఏ గూటిలో ఉండాలో, దాన్ని నీటిలో కలపడానికి ముందే కాగితం మీద ఉండాలి.